కడిగిన ట్యాంకులో మళ్లీ తుప్పు

వెనిగర్‌తో కడిగి బిగించిన మీ పాత వ్యాన్ పెట్రోలు ట్యాంకు నెలకే తుప్పు పట్టిందంటే, లోపల ఆమ్లం, తడి మిగిలి ఉంటాయి. మళ్లీ దించక తప్పదు.

1. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, పెట్రోలు మొత్తం తోడేయండి.

2. ట్యాంకు దించి మళ్లీ వెనిగర్ పోయండి. తుప్పు వదిలాక దాన్ని పారబోసి, వెంటనే వంటసోడా నీళ్లతో కడగండి. చాలామంది వదిలేసేది ఇదే! ఆమ్లం విరగకపోతే శుభ్రమైన రేకు గంటల్లోనే ఎర్రబడుతుంది.

3. మంచినీళ్లతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. లోపలి అడ్డురేకుల వెనక తడి దాక్కుంటుంది, ట్యాంకును అన్ని వైపులా తిప్పండి. మంట, హీట్ గన్ దగ్గరికి తేవద్దు, దయచేసి. ఖాళీ ట్యాంకులోని పెట్రోలు ఆవిరి పేలుతుంది.

4. పూర్తిగా ఆరాకే సీలర్ (ట్యాంకు లోపల పట్టే రక్షణ పూత) పోయండి. జాలీ ఫిల్టరు, రబ్బరు పైపులు కొత్తవి వేయండి.