డిగ్రీ ప్రాజెక్టుకు బాల్యవివాహాల మీద కాలేజీ లైబ్రరీలో సమాచారం ఎలా వెతకాలి?

ముందు అంశాన్ని కుదించండి. ‘టీనేజర్ల సమస్యలు’ అని వెతికితే ఏదీ తేలదు. ‘ఆంధ్రప్రదేశ్‌లో 18 ఏళ్లలోపు పెళ్లిళ్లు, ఆడపిల్లల చదువు’ అనుకుంటే దారి దొరుకుతుంది.

పుస్తకాలు డ్యూయీ పద్ధతిలో (అంశానికో నంబరు ఇచ్చే పద్ధతి) సర్దిన లైబ్రరీ అయితే 305.235 (యువత), 155.5 (కౌమార మనస్తత్వం), 362.7 (పిల్లల సంక్షేమం) అరలు చూడండి. కేటలాగులో ఒక్క మాటతో ఆగకుండా అడాలసెంట్, యూత్, ఎర్లీ మ్యారేజ్, చైల్డ్ మ్యారేజ్ అన్నీ ఇంగ్లిష్ స్పెల్లింగుతో కొట్టండి.

జర్నల్ వ్యాసాలకు ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఆన్‌లైన్‌లో జర్నళ్లు, పుస్తకాలు అందించే పథకం) ఉంది. మీ కాలేజీకి సభ్యత్వం ఉంటే లైబ్రేరియన్ గారు మీ పేరుతో లాగిన్ ఇప్పిస్తారు, ఇంటి దగ్గర కూడా పనిచేస్తుంది. మొహమాటపడకుండా అడగండి. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితం. వాటి చివర ఉండే ప్రశ్నావళి, గ్రంథాల పట్టిక మీకు అసలైన నిధి.

ఎక్కువ తప్పులు జరిగేది అంకెల దగ్గర. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019-21)లో బాల్యవివాహాలు ఆంధ్రప్రదేశ్‌కు 29.3 శాతం, తెలంగాణకు 23.5, దేశానికి 23.3 అని ఉంటుంది. ఇది ఇప్పటి టీనేజ్ అమ్మాయిల్లో పెళ్లైనవాళ్ల లెక్క కాదు. సర్వే నాటికి 20-24 ఏళ్లున్న మహిళల్లో 18 నిండకముందే పెళ్లైనవాళ్ల వాటా. అంటే ఆ పెళ్లిళ్లు సర్వేకు కనీసం రెండేళ్ల కిందటివి. కాబట్టి కోవిడ్ కాలంలో బాల్యవివాహాలు పెరిగాయనడానికి ఈ అంకెను సాక్ష్యంగా చూపకండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క పోలీసు కేసులది మాత్రమే, రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి పోల్చొద్దు.