బండి కష్టాలు: ఆయిల్ వేడిగా దించాలా, చల్లారినాక దించాలా?

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. పదేళ్ల నాటి పెట్రోల్ వ్యాగనార్ ఉంది. ఈసారి ఇంజన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకుందామని డబ్బా, ఫిల్టర్ కొని పెట్టుకున్నాను. మా మామగారు ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. రాత్రంతా బండి నిలిపి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడే దించాలంటారు. మా బామ్మర్దేమో ఇంజన్ బాగా కాలినాక దించితేనే మడ్డంతా వస్తుందంటాడు. వీళ్లిద్దరి పుణ్యమా అని డబ్బా వారం నుంచి వరండాలోనే ఉంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: తమ్ముడూ, పెద్దాయన మాట ముందు చూద్దాం. బండి ఆపిన వెంటనే ఆయిలంతా చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉండదు. పైన హెడ్డులో, క్యామ్‌షాఫ్ట్ మీద, లోపలి సన్న దారుల్లో కొంత ఆగి ఉంటుంది. రాత్రంతా నిలిపితే అదంతా నిదానంగా కిందికి దిగుతుంది. మామగారు చెప్పేది ఇదే, ఇందులో తప్పు లేదు.

బామ్మర్ది చెప్పేదీ అబద్ధం కాదు. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది. మీరు కొన్న డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి. ఆ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర దాదాపు అందులో ఆరో వంతే ఉంటుంది. పల్చనిది త్వరగా కారుతుంది, గోడలకు తక్కువ అంటుకుంటుంది. చాలా కార్ల మాన్యువల్స్‌లో ఇంజన్ కాస్త వేడి చేసి దించమని రాసేది అందుకే.

మడ్డి సంగతి మాత్రం వేరు. ఇప్పటి ఆయిల్‌లో మసిని పట్టి తేల్చి ఉంచే మందులు కలిపే అమ్ముతారు. ఒక్క రాత్రి నిలిపినంత మాత్రాన అది పులుసులో పిప్పి తేరినట్టు అడుక్కు చేరదు. ఏళ్ల తరబడి మార్చక చాంబర్‌కు పట్టిన జిడ్డు మడ్డయితే, మీరు ఎంత కాల్చి దించినా ఊడి రాదు.

ఇంకో మాట. ఆ 'డబ్ల్యూ' అంటే వింటర్. ముందున్న 5 అంకె ఇచ్చేది మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజన్ తిరుగుతుందా లేదా అని పరీక్ష పెట్టి. మంచు కురిసే దేశాల్లో పొద్దున్నే చాంబర్ కింద ఆయిల్ దించే బోల్టు విప్పితే ఆయిల్ తేనెలా సాగుతుంది. వాళ్లు వేడి చెయ్యమంటే అర్థముంది. మే నెలలో మన తిరుపతిలో మధ్యాహ్నం ఎండ 40 దాటుతుంది. రేకుల కింద నిలిపిన బండిలో 'చల్లని' ఆయిల్ కూడా పిల్లాడికి జ్వరమొచ్చినప్పటి ఒంటికంటే వేడిగానే ఉంటుంది. నా షెడ్డులో ఒకసారి వాచీ పెట్టి చూశాను. కాస్త వేడి చేసిన బండిలో ధార ఆగి చుక్కల్లోకి రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. పొద్దుట్నుంచి కదలని బండిలో పది. ఆ మూడు నిమిషాల కోసం ఇంట్లో తగాదా ఎందుకు, ఒక టీ తాగొస్తే సరిపోతుంది.

బాగా కాలినాక దించడం మాత్రం వద్దు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సాయంత్రం కొండ నుంచి దిగిన అంబాసిడర్ నేరుగా మా షెడ్డుకొచ్చింది. వాళ్లకు రాత్రికి ఊరు చేరాలని తొందర. మేస్త్రీ 'కానియ్' అన్నాడు, నేను కింద దూరాను. స్పానర్‌తో బోల్టు సడలించి, చివరి రెండు చుట్లు వేళ్లతో తిప్పుతున్నా. బోల్టు జారి పళ్లెంలో పడింది. ఆయిల్ ముందు అరచేతి మీద పడి, చెయ్యి పైకే ఉంది కదా, మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది. చొక్కా చెయ్యి తడిసి ఒంటికి అతుక్కుంది. కింద పడుకున్నోడిని, చెయ్యి లాక్కోవడానికి చోటు లేదు. మేస్త్రీ పరుగున వచ్చి ఇంకు పూశాడు. అప్పట్లో కాలితే ఇంకే. ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టాలని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మచ్చ ఇప్పటికీ ఉంది, చొక్కా చేతులు మడవను.

కాబట్టి మీరు ఇలా చెయ్యండి. పొద్దున్నే కాణిపాకం దారిలో నాలుగైదు కిలోమీటర్లు పోయి రండి. ఇంటి దగ్గర చదును నేల మీద ఆపి, అర్ధగంట వదిలేయండి. ఆలోగా ఫలహారం ముగించండి. పైన ఉన్న ఆయిల్‌లో చాలావరకు కిందికి దిగుతుంది, మామగారి మాట నిలుస్తుంది. గోరువెచ్చగానూ ఉంటుంది, బామ్మర్దికీ సమాధానం. చాంబర్ మీద అరచెయ్యి ఆనించి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగితే విప్పొచ్చు. పక్కనే పోయే సైలెన్సర్ పైపు మాత్రం ఇంకా కాలుతుంటుంది, దాన్ని తాకొద్దు. బోల్టు తిప్పేటప్పుడు దాన్ని పైకి ఒత్తి పట్టుకుని తిప్పండి. పూర్తిగా వదులయిందని చేతికి తెలిశాక ఒక్కసారి పక్కకు లాగండి. ముందు పైన ఆయిల్ పోసే మూత తీసి ఉంచితే ధార సాఫీగా వస్తుంది. కేవలం జాకీని నమ్ముకుని కింద దూరొద్దు. దూరాల్సి వస్తే స్టాండ్లు తెచ్చుకోండి, ఇటుకలు పేర్చొద్దు, ఇటుక పగులుతుంది.

నిజానికి నా షెడ్డుకు కన్నీళ్లతో వచ్చే బండ్లలో వేడి, చల్లన వల్ల పాడైంది ఒక్కటీ లేదు. వచ్చేవి రెండు రకాలు. ఒకటి, బోల్టును బలమంతా పెట్టి బిగించి చాంబర్ త్రెడ్డు పోగొట్టుకున్నవి. కొత్త వాషర్ వెయ్యండి, ఖరీదు టీ నీళ్లంత, బిగింపు మాన్యువల్లో చెప్పినంత చాలు. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త రింగుతో కొత్త ఫిల్టర్ బిగిస్తారు. రబ్బరు మీద రబ్బరు నిలవదు. ఒక ఇన్నోవా చంద్రగిరి దాటేసరికి రోడ్డంతా ఆయిల్ గీత గీసుకుంటూ వెళ్లి డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగాక ఆగింది. విప్పినాక ఆ చోట ఒక్కసారి వేలితో తడిమి చూడండి.

పాత ఆయిల్‌ను కాలువలో పొయ్యొద్దు. చెదలకని తలుపులకు పూసే అలవాటు మన వైపు ఉంది, అదీ మానేయండి. మూతున్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ప్రశ్న: సార్, ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, చూసేది కూడా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడా, చల్లగానా? – ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడటం మేలమ్మా. ప్రయాణంలో చూడాల్సి వస్తే ఇంజన్ ఆపి పదినిమిషాలు ఆగండి, లేకపోతే కొంత ఆయిల్ పైనే ఉండి తక్కువగా కనిపిస్తుంది. బండి చదునుగా ఉండాలి. ఘాట్ రోడ్డు వాలులో ఆపి, కడ్డీ తీసి, ఆయిల్ లేదని భయపడి అరలీటరు పోసినవాళ్లు నాకు తెలుసు. ఎక్కువైనా ఇబ్బందే, కడ్డీ మీద రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు.