డిటెక్టివ్ నవలలు రాస్తానంటోంది, డిగ్రీ వద్దంటోంది

ప్రశ్న: సార్, మాది ఎమ్మిగనూరు. బట్టల అంగడి ఉంది. మా అమ్మాయి కర్నూలులో హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కథలు చదివే ప్రతిలిపి యాప్‌లో ఒక డిటెక్టివ్ సీరియల్ రాస్తోంది, చదివేవాళ్లు బాగానే ఉన్నారు. ఇప్పుడు డిగ్రీ ఆపేసి రచయిత్రిగానే స్థిరపడతానంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ పనిలో బతుకు ఉంటుందా? ఆమె రాసినవి కొన్ని భాగాలు పంపుతున్నాను, చూడండి.

జవాబు: డిగ్రీ ఆపనివ్వకండి. రాయడం కూడా ఆపించకండి. రెండింటిలో ఏదో ఒకటే అని ఆమె అనుకుంటోంది, మీరూ అలాగే అనుకుంటున్నారు. మిస్టరీలు రాసేవాళ్ల విషయంలో అది నిజం కాదు.

ముందు డబ్బు సంగతి. 200 రూపాయల నవలకు పది శాతం రాయల్టీ అనుకుందాం. వెయ్యి కాపీలు పోతే చేతికొచ్చేది 20 వేలు. తెలుగులో కొత్తవాళ్ల నవల వెయ్యి కాపీలు అమ్ముడుపోవడమే గొప్ప. చాలామంది సొంత డబ్బుతోనే అచ్చు వేయించుకుంటున్నారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం జనం అద్దె పుస్తకాల షాపులకు వెళ్లిన కాలం పోయింది. ఇప్పుడు ఎంతోకొంత సంపాదన ఉన్నది ఆడియో సీరియళ్లలో, వెబ్ సిరీస్ స్క్రిప్టుల్లో. అదీ నెల జీతంలా రాదు. హాస్టల్ ఫీజు కూడా రాతతోనే కట్టుకోవాల్సి వస్తే రాత మీదే విసుగు పుడుతుంది.

ఇక కెమిస్ట్రీ. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశారు. విషాల గురించి ఆమెకు తెలిసినదంతా అక్కడ మొదలైంది. అక్కడ ఉండగానే రాసిన మొదటి డిటెక్టివ్ నవల 1920లో వచ్చింది, అందులో హత్య విషంతోనే జరుగుతుంది. ఇంకో ఇంగ్లిష్ మిస్టరీ రచయిత్రి పీ.డీ. జేమ్స్ ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం చేస్తూ రాశారు. ఆమె మొదటి నవల 1962లో, వయసు నలభై దాటాక వచ్చింది. మన కడప జిల్లాలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు బడిపంతులుగా ఉంటూనే నవలలు రాశారు. ఆయన 'కొండపొలం'కు తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా అయింది. అది డిటెక్టివ్ నవల కాదనుకోండి. మీ అమ్మాయి వదిలేస్తానంటున్న సబ్జెక్టే ఆమెకు పెట్టుబడి. డిగ్రీ అయ్యాక ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు; గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ అందుకే ఉంది. కోర్టు వైపు మొగ్గుంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. నన్నడిగితే మొదటిదే.

ఇక్కడి నుంచి ఆమెకు చూపించండి.

అమ్మా, నీ భాగాలు చదివాను. సంభాషణలు బాగున్నాయి, ముఖ్యంగా ఆ హాస్టల్ వార్డెన్ మాటలు. కానీ కథ 2025లో జరుగుతోంది, నీ ఎస్సై మాత్రం ఇంకా 302 కింద కేసు కడుతున్నాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు ఇప్పుడు 103వ సెక్షన్. విషప్రయోగం జరిగిందో లేదో నీ హీరోయిన్‌కు అదే సాయంత్రం తెలిసిపోతోంది. పోస్టుమార్టంలో విసెరా, అంటే లోపలి అవయవాల భాగాలు, తీసి ల్యాబుకు పంపుతారు, ఆ రిపోర్టు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దాన్ని అడ్డంకి అనుకోకు. రిపోర్టు రాని ఆ రోజుల్లోనే కదా అందరి మీదా అనుమానం తిరిగేది! నీ కథకు కావలసిన టెన్షన్ అంతా అక్కడే ఉంది, నువ్వు దాన్ని ఒక్క పేరాలో దాటేశావు.

అంతకంటే పెద్ద లోపం ఇంకోటి. పన్నెండో భాగం దాకా హంతకుడు మేనమామే అనిపించి, పదిహేనో భాగంలో అంతవరకు ఊసే లేని డ్రైవర్‌ను తెచ్చావు. చదివేవాళ్లు కామెంట్లలో మేనమామను కనిపెట్టేశారని మార్చావేమో అని నా అనుమానం. రోజుకో భాగం పెట్టే చోట ఆ ఒత్తిడి ఉంటుంది, ప్రతి భాగం చివరా ఒక ఉలికిపాటు కావాలి. ప్రేమకథకైతే అది సరిపోతుంది. మిస్టరీకి సరిపోదు. ఇందులో ముగింపు ముందే తెలిసి ఉండాలి, ఆధారాలన్నీ పాఠకుడి కళ్లముందే ఉండి కూడా అతను దాటిపోవాలి. డ్రైవరే హంతకుడైతే రెండో భాగంలోనే అతను టీ తెచ్చివ్వాలి, అందరూ టీ గురించే మాట్లాడుకోవాలి.

వచ్చే నవల ఎక్కడా పెట్టకుండా మొత్తం రాయి. ముందు హంతకుడి వైపు నుంచి జరిగినదంతా గంటగంటకూ రాసుకో. ఆ పేజీలు ఎవరికీ చూపించేవి కావు. తర్వాత డిటెక్టివ్ వైపు నుంచి మొదలుపెట్టు. పూర్తయ్యాక నెలపాటు పక్కన పెట్టి తిరగరాయి.

బంజారాహిల్స్ బంగళా ఎందుకమ్మా? తొలకరి పడగానే మీ కర్నూలు జిల్లాలోనే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వెతుకుతారు. దొరికినవాడు ఎవరికీ చెప్పడు, కొన్నవాడు అసలే చెప్పడు. ఇంతకంటే మంచి రంగస్థలం ఏ రచయితకు దొరుకుతుంది? ఫ్యాక్షన్ జోలికి మాత్రం పోకు. అక్కడ ఎవరు చంపారన్నది ఊరంతటికీ తెలుసు, మిస్టరీ ఏముంది! సెలవుల్లో కర్నూలు జిల్లా కోర్టుకు వెళ్లి కూర్చో. మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడొచ్చు. సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలా తడబడతాడో ఒక్క పూట చూస్తే చాలు.

మళ్లీ మీతో ఒక మాట. రేపు ఎవరైనా కథ కొంటామని వస్తే ఒప్పందం మీరు కూడా చదవండి. షెర్లాక్ హోమ్స్ తొలి నవల హక్కులన్నీ కానన్ డాయిల్ 25 పౌండ్లకే ఇచ్చేశారు. పుస్తకం, ఆడియో, సినిమా, అనువాదం వేటికవే వేరు హక్కులు. ఒకే సంతకంతో అన్నీ ఇచ్చేయనక్కర్లేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా లెక్క. 'శాశ్వతంగా' అన్న మాట కనిపిస్తే లాయరుకు చూపించకుండా సంతకం వద్దు.

ఆమె రాసింది మీరు చదివారో లేదో ఉత్తరంలో లేదు. చదవండి. హంతకుడు ఎవరో ఏ పేజీలో తెలిసిపోయిందో పెన్సిల్‌తో గీత పెట్టి ఆమెకివ్వండి. అంగట్లోకి వచ్చినవాళ్లలో ఎవరు కొంటారో, ఎవరు చీరలన్నీ విప్పించి పోతారో చూడగానే చెప్పగల మనిషి మీరు. కామెంట్లు పెట్టేవాళ్ల కంటే మీ గీతే ఆమెకు ఎక్కువ పనికొస్తుంది.