అమెరికాలో గూడ్స్ బళ్లు నడిపే బిఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే కంపెనీ అంత పెద్దది ఎలా అయింది? పట్టాలు వేసుకుంటూ పోయా, వేరే కంపెనీలను కలుపుకునా?

కలుపుకునే. నేనుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. వాళ్ల గూడ్స్ బళ్లు మా ఊళ్లోంచే పోతాయి కాబట్టి ఈ ప్రశ్న మీద నాకు కాస్త హక్కుందనుకుంటాను.

ఒక వేసవిలో నాన్న వచ్చారు. కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. పాపను కూచిపూడి క్లాసుకి తీసుకెళ్తుంటే గేటు పడింది. ఆ టీచరమ్మ అయిదు నిమిషాలు లేటైనా మొహం మాడ్చుకుంటుంది. (ఫీజు పెంచేటప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా లేటవదు.) నాకు టెన్షన్, నాన్నకి పండగ. అద్దం దించి వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాప ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టారు. నూట పద్దెనిమిది.

"ఏరా, ఆ నారింజ రంగు ఇంజను మీద బి, ఎన్, ఎస్, ఎఫ్ అంటే ఏమిటి?"

"ఇప్పుడేమీ కాదు నాన్నా, 2005 నుంచి అధికారికంగా ఆ అక్షరాలే పేరు" అన్నాను. ఆయన ఊరుకోరు కదా, మొత్తం చెప్పాల్సి వచ్చింది. 1995లో బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే అనే రెండు రైల్వే కంపెనీలు కలిశాయి. ఆ బర్లింగ్టన్ నార్తర్న్ కూడా 1970లో నాలుగు కంపెనీలు కలిస్తే పుట్టిందే. వాటిలో గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్, బర్లింగ్టన్ మూడింటినీ ఒకే గొడుగు కిందకి తెద్దామని రైల్వే యజమాని జేమ్స్ హిల్, బ్యాంకరు జె.పి. మోర్గాన్ 1901లోనే చూశారు. 1904లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. అదే కోర్టు 1970లో సరేనంది. పోటీ చచ్చిపోతుందన్న భయం అరవై ఆరేళ్లలో ఎటు పోయిందో! రైళ్లకి పోటీగా లారీలు వచ్చాయి కదా అంటారు. నేను నమ్మను. ఓపిక పట్టినవాడిదే గెలుపు, అంతే.

నా అసలు బాధ వేరే ఉంది. మా ఊరికి పేరిచ్చింది సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే. ముద్దుపేరు ఫ్రిస్కో. పేరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఉందిగానీ దాని పట్టాలు ఏనాడూ కాలిఫోర్నియా ముఖం చూడలేదు. 1980లో దాన్ని బర్లింగ్టన్ నార్తర్న్ కలిపేసుకుంది. ఆ నాలుగక్షరాల్లో ఎఫ్ ఫ్రిస్కోది కాదు, శాంటా ఫేది! ఇక్కడ ఇళ్లు కొన్న మనవాళ్లలో పదిమందిని అడగండి, ఊరికి ఆ పేరెందుకొచ్చిందో ఒక్కరు చెప్తే గొప్ప. స్కూలు రేటింగులు మాత్రం కంఠతా వచ్చు.

2010లో వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే మొత్తం బిఎన్‌ఎస్‌ఎఫ్‌నే కొనేసింది. 2025లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో రైల్వే కంపెనీ వాళ్లు నార్‌ఫోక్ సదరన్ రైల్వేను కలుపుకుంటామని ప్రకటించారు. ఇంకెన్ని పేర్లు పోతాయో.

నాన్న ఇవన్నీ విన్నారో లేదో. గేటు లేచినా ఆయన చూపు బండి వెనకాలే ఉంది. ఆఖరి వ్యాగనుకి చిన్న ఎర్ర దీపం పెట్టె ఒకటి మినుకుమినుకుమంటోంది.

"బ్రేక్‌వాన్ ఏదిరా? గార్డేడీ?"

"ఇక్కడ గార్డులు లేరు నాన్నా, ఆ పెట్టే చూసుకుంటుంది."

మన రైల్వే 2022లో గార్డు పేరును ట్రైన్ మేనేజర్ అని మార్చినప్పుడే వారం రోజులు తిట్టారాయన. ఈసారి ఏమీ అనలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. క్లాసుకి పదిహేను నిమిషాలు లేటు.