రక్తపు మరకల శాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. ఇళ్లలో జరిగే హత్యల దర్యాప్తు మీద వచ్చే కార్యక్రమాలు చూసి, రక్తపు మరకలను పరీక్షించే ఫోరెన్సిక్ నిపుణురాలిని అవుతానంటోంది. డిగ్రీలోనే ఫోరెన్సిక్ సైన్స్ తీసుకోవాలా, లేక కెమిస్ట్రీ, బయాలజీ చదివి తర్వాత అటు వెళ్లడం మంచిదా? వేలు తెగితేనే కళ్లు తిరిగి పడిపోయే పిల్ల ఈ పని చేయగలదా? దరఖాస్తు ఫారం తెచ్చాను గానీ ఇంకా తనకు చూపలేదు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు చదువుల మధ్య తేడా అడిగారు గానీ, మీ అసలు బాధంతా ఉత్తరం చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. పిల్ల రోజూ హత్యల మధ్య బతికితే తన మనసు ఏమైపోతుందోనని మీరు భయపడుతున్నారు. ఈ కోర్సు గురించి నన్ను అడిగిన తల్లిదండ్రుల్లో ఎక్కువమందిది ఇదే భయం కనుక ముందు దాని సంగతే చెబుతాను.

రక్తం చూడగానే నాడి నెమ్మదించి, రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం శరీరం తనంతట తాను చేసే పని. పిరికితనానికీ దానికీ సంబంధం లేదు. అలవాటుతోనూ శిక్షణతోనూ అది చాలామందిలో తగ్గుతుంది. పైగా ప్రయోగశాలలో రక్తాన్ని పరీక్షించేవారిలో చాలామంది హత్య జరిగిన గదిలో అడుగే పెట్టరు. వారి బల్ల మీదికి వచ్చేది ఆరబెట్టి, కాగితపు సంచిలో పెట్టి సీలు వేసిన దిండు గలీబో, చొక్కా ముక్కో. ప్లాస్టిక్ సంచిలో కడితే తేమ నిలిచి, సూక్ష్మజీవులు పెరిగి డీఎన్‌ఏ పాడవుతుంది కాబట్టి కాగితమే వాడతారు. మరకను వడపోత కాగితంతో తాకి, ఫినాల్ఫ్తలీన్ ద్రావణమూ ఆపై హైడ్రోజన్ పెరాక్సైడూ వేస్తే క్షణాల్లో గులాబీ రంగు వస్తుంది. అయితే కొన్ని కూరగాయల రసాలకు కూడా ఆ రంగు వచ్చే అవకాశం ఉంది కనుక, అది రక్తమై ఉండవచ్చునన్న సూచన మాత్రమే. రక్తం జాడ పట్టడానికి చల్లే, చీకట్లో నీలంగా వెలిగే లూమినాల్ అనే రసాయనం కూడా బ్లీచింగ్ ద్రవం తగిలిన నేల మీద అలాగే వెలుగుతుంది. ఆ తర్వాత అది మనిషి రక్తమేనా అన్న పరీక్ష, ఆ పైన డీఎన్‌ఏ, ప్రతి మెట్టులోనూ గంటల తరబడి రాతపని ఉంటాయి. మీ అమ్మాయిని ఈ పనిలో బాధపెట్టేది ఏదైనా ఉంటే, రక్తం కన్నా ముందు విసుగే కావచ్చు.

ఇక నా సందేహాలు చెప్పాలి. తెర మీద నిపుణుడు గోడ మీది చుక్కలను చూసి హంతకుడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పేస్తాడు. ఇందులో నిజమైన లెక్క లేకపోలేదు: చుక్క వెడల్పును పొడవుతో భాగిస్తే, అది తగిలిన కోణపు సైన్ విలువ వస్తుంది; వెడల్పు పొడవులో సగమైతే కోణం 30 డిగ్రీలు. కోణం దాకా లెక్క గట్టిదే గానీ, దాన్నిబట్టి ఏం జరిగిందో కథ చెప్పడం మొదలుపెట్టగానే పట్టు సడలుతుంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ కోసం తయారైన 2009 నాటి నివేదిక, రక్తపు మరకల విశ్లేషణలో అనిశ్చితి చాలా పెద్దదనీ, నిపుణుల అభిప్రాయాలు శాస్త్రం కంటే వ్యక్తిగతమైన అంచనాకే దగ్గరగా ఉన్నాయనీ తేల్చి చెప్పింది.

ఇంట్లో జరిగిన హత్యలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆ ఇంట్లో ఉండేవారి రక్తం ఆ ఇంట్లో ఎప్పుడైనా పడి ఉండవచ్చు. డీఎన్‌ఏ అది ఎవరిదో చెబుతుందే తప్ప, ఎప్పుడు పడిందో, ఎలా పడిందో చెప్పదు. భార్యను రక్తపు మడుగులో చూసి ఒడిలోకి తీసుకున్న భర్త బట్టలకూ రక్తం అంటుతుంది, కొట్టినవాడి బట్టల మీదా పడుతుంది. అది అంటుకున్న మరకా, ఎగిరిపడిన తుంపరా, కొన ఊపిరితో ఉన్న మనిషి దగ్గితే పడినదా అన్న తేడా మీద ఒక ప్రాణం ఆధారపడుతుంది. రక్తం మీద వాలిన ఈగలు వదిలే చుక్కలు కూడా తుంపరలాగే కనిపిస్తాయి. 1954లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డాక్టర్ శామ్ షెపర్డ్ భార్య తమ పడకగదిలోనే హత్యకు గురైనప్పుడు, నేరం భర్తదేనని శిక్ష వేశారు. మరుసటి ఏడాది పాల్ కిర్క్ అనే శాస్త్రవేత్త ఆ గది గోడల మీది మరకలను పరిశీలించి, కొట్టినవాడు ఎడమచేతి వాటం మనిషనీ, అంటే షెపర్డ్ కాదనీ అన్నాడు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది గానీ, అందుకు కారణం పత్రికల హోరు మధ్య విచారణ సవ్యంగా జరగకపోవడం. అదే ఏడాది జరిగిన మలి విచారణలో కిర్క్ సాక్ష్యం చెప్పాడు, షెపర్డ్ నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా ఆ గోడలు నిజంగా ఏం చెప్పాయన్న వాదన ఆగలేదు. మీ అమ్మాయి రేపు సాక్షి బోనులో నిలబడి, ఎదుటి న్యాయవాది గుచ్చి గుచ్చి అడుగుతుంటే, "ఈ మరక నుంచి అంతవరకు చెప్పలేను" అని అనగలగాలి. ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం గట్టి చదువు నుంచే వస్తుంది.

అందుకే డిగ్రీలో కెమిస్ట్రీ గానీ, జెనెటిక్స్ ఉన్న బయాలజీ గానీ చదివి, పీజీలో ఫోరెన్సిక్ తీసుకోమంటాను. చాలా ఫోరెన్సిక్ డిగ్రీల్లో వేలిముద్రలు, చేతిరాత, విషాలు, తూటాలు అన్నీ తలా కొంచెం చెబుతారు. ఏ ఒక్కటీ చేతికి పట్టుబడదు. ఆ డిగ్రీయే కావాలని తను పట్టుబడితే, కెమిస్ట్రీ ల్యాబ్ గంటలు ఎన్ని, గణాంకశాస్త్రం ఉందా, ల్యాబుల నియామక ప్రకటనల్లో ఆ డిగ్రీని అర్హతగా చూపుతున్నారా అన్నవి ముందే కనుక్కోండి. ఉద్యోగం రాదేమోనన్న బెంగ వద్దు. కెమిస్ట్రీ, జెనెటిక్స్ చదివినవారికి ఆసుపత్రి, మందులు, ఆహార పరీక్షల ల్యాబుల్లోనూ పని ఉంటుంది.

ఒక్క మాట కఠినంగా అంటాను, మన్నించండి. ఫారం దాచడం తప్పు. గడువు దాటాక ఆ సంగతి తనకు తెలిస్తే, కోర్సు పోయినందుకు కన్నా మీరు దాచినందుకు ఎక్కువ బాధపడుతుంది, ఆ తర్వాత మీకు ఏదీ చెప్పదు. ఈ రోజే తన చేతికివ్వండి. దానితోపాటు ఒక స్కేలూ రంగునీళ్లూ ఇచ్చి, వాలుగా పెట్టిన అట్ట మీద యాభై చుక్కలు వేసి ప్రతిదాని వెడల్పూ పొడవూ కొలిచి, కోణం లెక్కకట్టి, అట్ట అసలు వాలుతో సరిపోల్చమనండి. లెక్క ఎక్కడ తప్పిందో తనంతట తానే వెతుక్కుంటూ రాత్రి దాకా కూర్చుంటే, ఫారం మీద సంతకం చేయండి.