డార్క్‌రూమ్ ప్రశ్నలు: కాగితం నెగెటివ్‌ను పెద్దది చేయడం

ప్రశ్న: పిన్‌హోల్ పెట్టెలో (లెన్సు బదులు సూది చిల్లుండే కెమెరా) 5×7 అంగుళాల బ్రోమైడ్ పేపర్ (ఫొటోలు ప్రింటు వేసే కాగితం) పెట్టి బీచ్ రోడ్డు ఫొటోలు తీస్తున్నాను. ఆ కాగితం నెగెటివ్‌లను పెద్దవి చేద్దామని వెనక నుంచి లైటు వేస్తే పేపరు పీచు, వెనక అచ్చయిన కంపెనీ పేరు కూడా ప్రింటులో పడుతున్నాయి. పాత సామాన్ల కొట్టులో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ తలకాయ దొరికింది. ఆ లెన్సు పనికొస్తుందా?
– పెదవాల్తేరు పాఠకుడు

జవాబు: పనికొస్తుంది. స్లైడ్ ప్రొజెక్టర్ లెన్సయితే వద్దనేవాణ్ణి. దాని వెలుగు చుట్టు 35 ఎం.ఎం. స్లైడు వరకే, మీ నెగెటివ్‌కు చాలదు.

లైటు వెనక నుంచి కాదు, ముందు నుంచి వేయండి. నెగెటివ్‌ను గాజు పలక కింద నొక్కి, బొమ్మ ఉన్న వైపు లెన్సుకేసి తిప్పి, చెరో పక్క నుంచి ఏటవాలుగా రెండు ఎల్ఈడీ బల్బులు పెట్టండి. వెనకున్న పేరు ఇక పడదు. బల్బుల వెలుగు ప్రింటు పేపరు మీదికి పోకుండా చుట్టూ నల్ల అట్టపెట్టె కట్టాలి.

ప్రొజెక్టర్ తలకాయలోని అద్దం తీసేయండి. తీయకుండా నేనోసారి రాత్రంతా ప్రింట్లు వేశాను. పొద్దున ఆరేసి చూస్తే, సముద్రానికేసి నిలబడితే కుడిచేతి వైపు ఉండాల్సిన డాల్ఫిన్ నోస్, కైలాసగిరి ఉండే ఎడమ వైపుకి వెళ్లి కూర్చుంది! మా ఆవిడ ఇప్పటికీ ఆ ప్రింటు చూపించి నవ్వుతుంది.

లెన్సు ఫోకల్ లెంగ్త్ తెలియకపోతే మేడ మీదికెళ్లి, దూరంగా లంగరేసిన ఓడ బొమ్మను తెల్ల కాగితం మీద పట్టండి. లెన్సు నుంచి కాగితానికి ఉన్న దూరమే అది. 32 సెం.మీ. అనుకుందాం. రెట్టింపు సైజుకి నెగెటివ్ నుంచి లెన్సుకి 48, లెన్సు నుంచి ప్రింటు పేపరుకి 96 సెం.మీ. ఉండాలి. బొమ్మ 10×14 అంగుళాలు వస్తుంది, 12×15 షీటులో హాయిగా పడుతుంది.

ఈ లెన్సుకి ఐరిస్ (వెలుగు వెళ్లే సందును చిన్నది చేసే రేకులు) ఉండదు కాబట్టి అంచులు అలుక్కుపోతాయి. నల్ల అట్టలో 20 ఎం.ఎం. చిల్లు చేసి లెన్సు ముందు పెట్టండి, ఇంచుమించు ఎఫ్/16 (ఫోకల్ లెంగ్త్‌లో పదహారో వంతు చిల్లు) అవుతుంది. ఫోకస్ ఆ అట్ట పెట్టాకే చూసుకోవాలి. ఇంకో మెలిక: మన కంటికి పసుపు, ఆకుపచ్చ వెలుగు బాగా కనిపిస్తుంది, బ్రోమైడ్ పేపరు చూసేది నీలాన్ని. ఇలాంటి చవక లెన్సు ఆ రెండు రంగులనీ ఒకే చోట ఫోకస్ చేయదు. నీలం జిలాటిన్ కాగితం అడ్డం పెట్టి ఫోకస్ చేసి, తర్వాత తీసేయండి.

ఎక్స్‌పోజర్ (పేపరుకి వెలుగు తగలనిచ్చే సమయం) నిమిషాల్లోకి వెళ్తుంది. టెన్షన్ పడకుండా ముందు టెస్ట్ స్ట్రిప్ (చిన్న పేపరు ముక్క మీద వేర్వేరు సమయాలు) వేయండి. కాగితం నెగెటివ్‌లకు కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) ఎక్కువ, దాన్ని తగ్గించే సాఫ్ట్ గ్రేడు పేపరు వాడండి. మన ఎండాకాలం కుళాయి నీళ్లతో డెవలపర్ (బొమ్మను తేల్చే మందు) కలిపితే మాత్రం బొమ్మ మాడిపోతుంది. ట్రే కింద ఐసు పెట్టి 20 డిగ్రీలకు దించాకే మొదలుపెట్టండి.