కొత్తగా 25 మీటర్ల షూటింగ్‌కు వచ్చేవాళ్ళు ఏ పాయింట్ టూ టూ పిస్టల్ తీసుకోవాలి?

ప్రశ్న: "నాకు 27 ఏళ్ళు, మియాపూర్‌లో ఉంటాను. కొన్నాళ్ళుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నాను. 25 మీటర్లకు మారదామని ఉంది. పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా) సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళలో కొత్తవాళ్ళకు నమ్మకంగా పనిచేసేది ఏది? ఎలాగూ కొంటున్నాం కాబట్టి ఇంట్లో రక్షణకు కూడా పనికొస్తుందా?"

పేరొక్కటే చెప్పమంటే పార్డిని ఎస్‌పి, అందులోనూ మెకానికల్ ట్రిగ్గర్ ఉన్నది. నేను వాడేది అదే, అదీ సెకండ్ హ్యాండ్‌ది. వాల్తర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బావ్, హ్యామర్లీ వీటిలో దేన్నీ తీసిపారేయలేం. నేను పార్డిని వైపు మొగ్గడానికి కారణం చాలా మామూలుది. నేను వెళ్ళే రేంజ్‌లో అది నలుగురి చేతుల్లో ఉంది. ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) విరిగినా, స్ప్రింగ్ మెత్తబడినా అడగడానికి పక్క లేన్‌లో మనిషి ఉంటాడు. విప్పి బిగించడం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేని పిస్టల్ ఎంత గొప్పదైనా మొదటి పిస్టల్‌గా వద్దు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ హాయిగానే ఉంటుంది గానీ బ్యాటరీ, సర్క్యూట్ అని ఇంకో రెండు టెన్షన్లు అదనం.

అయితే పాయింట్ టూ టూలో నమ్మకం అన్నది సగమే పిస్టల్‌లో ఉంటుంది. మిగతా సగం తూటాలో, మ్యాగ్జిన్‌లో (తూటాలు నింపే డబ్బీ), మీ మణికట్టులో ఉంటుంది. ఎందుకో చెప్తాను.

ఇది రిమ్‌ఫైర్ తూటా. నిప్పు రాజేసే మందు మధ్యలో కాకుండా అడుగున ఉండే అంచు లోపల చుట్టూ ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచు మీదే కొడుతుంది. పిన్ తగిలిన చోట ఆ మందు పలచబడి ఉంటే తూటా పేలకపోవచ్చు. అందుకే చవక డబ్బాల్లో ఒకటో రెండో తుస్సుమంటాయి. పైగా గుండు సీసంది, దాని మీద మైనం లాంటి పూత ఉంటుంది. ఆ మైనం, సీసం పొడి, మసి కలిసి ఛాంబర్ (తూటా కూర్చునే గది) నోటి దగ్గర నల్లటి జిడ్డుగా పేరుకుంటాయి. ఇక పిస్టల్ నడిచేదేమో వెనక్కి తన్నే బలంతో. గుండు ముందుకు పోతుంటే ఖాళీ కేస్ (తూటా గొట్టం) వెనక్కి తోస్తుంది, బోల్ట్ (వెనక ఉండే కదిలే దిమ్మ) వెనక్కి జరిగి దాన్ని బయటికి విసిరి, తిరిగి వస్తూ ఇంకో తూటాను ఎక్కించుకుంటుంది. పాయింట్ టూ టూలో ఉన్న బలమే కొంచెం. జిడ్డు కాస్త పెరిగినా, తూటా కాస్త బలహీనమైనా బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్ళదు. కేస్ సగంలో ఇరుక్కుని పొగగొట్టంలా నిటారుగా నిలబడుతుంది.

కాబట్టి పిస్టల్ కంటే ముందు తూటా సంగతి చూడండి. మ్యాచ్ పిస్టళ్ళ, అంటే పోటీ పిస్టళ్ళ, స్ప్రింగులు స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటాకు సరిపోయేట్టు ఉంటాయి. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. ఎలీ, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్, సీసీఐ ఇలా చాలా రకాలుంటాయి. ఎక్కువ స్పీడ్ అని రాసి ఉన్న హై వెలాసిటీ డబ్బా జోలికి పోకండి, బోల్ట్ వెనక్కి వెళ్ళి గట్టిగా గుద్దుకుంటుంది. ఒకే రకం పిస్టళ్ళు రెండింటిలో ఒకటి ఎలీతో సాఫీగా నడిచి, రెండోది అదే ఎలీతో మొరాయించడం నేను చూశాను. మీ క్లబ్‌కు ఏడాది పొడవునా ఏ తూటా వస్తుందో కనుక్కుని, దానితో నడిచే పిస్టల్ వెతుక్కోవడమే తెలివైన పని. లైసెన్స్‌లో ఎన్ని తూటాలు కొనుక్కోవచ్చో రాసి ఉంటుంది కాబట్టి రకానికో డబ్బా తెచ్చి ప్రయోగాలు చేసేంత వెసులుబాటు కొత్తవాళ్ళకు ఉండదు.

తర్వాత చెయ్యి. ఎయిర్ పిస్టల్‌లో తన్ను ఉండదు కాబట్టి మణికట్టు వదులుగా ఉన్నా నడిచిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. చెయ్యి మెత్తగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి వస్తుంది. బోల్ట్‌కు అందాల్సిన బలం అందులోనే పోయి జామ్ అవుతుంది. మా కోచ్ సార్ రిటైర్డ్ ఫౌజీ. ఎవరైనా "సార్, పిస్టల్ బాలేదు" అని వస్తే మాట్లాడకుండా అదే పిస్టల్ తీసుకుని వరసగా అయిదు కొడతారు. అయిదూ సాఫీగా పోతాయి. "చెయ్యి గట్టిగ పెట్టు బేటా, దాన్నేం తిట్టకు" అని తిరిగి చేతిలో పెడతారు. సగం కంప్లైంట్లు అక్కడే తేలిపోతాయి.

మ్యాగ్జిన్ నింపడం చిన్న పనే గానీ చాలామంది దాన్ని గబగబా కానిచ్చేస్తారు. కొన్ని పిస్టళ్ళ మ్యాగ్జిన్లలో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టుకుంటాయి, బోల్ట్ తోసినా కదలవు. ఒక్కో తూటా వేసేటప్పుడు పైది కిందిదానికి ముందుగా కూర్చుందో లేదో చూసుకోండి. మ్యాగ్జిన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, కింద పడి వంగాయంటే ఎంత ఖరీదైన పిస్టలైనా పనిచేయదు. అందుకే పిస్టల్‌తో పాటు కనీసం ఇంకో మ్యాగ్జిన్ ఉండాలి.

తూటా పేలకపోతే మాత్రం కంగారుపడి పిస్టల్ ఇటు తిప్పి చూడొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, అర నిమిషం ఆగి, రెండో చెయ్యి ఎత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

క్లీనింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటే. మన ఎండాకాలం దుమ్ములో నూనె ఎక్కువ పోస్తే అది గంధంలా ముద్ద కడుతుంది. పలచగా తుడిచి వదిలేయాలి. వానాకాలం తూటాల డబ్బా మూత బిగించి పొడి చోట పెట్టాలి.

ఇప్పుడు అసలు చిక్కు, కొనడం. ఇది షాపుకెళ్ళి తెచ్చుకునే వస్తువు కాదు. ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు గానీ పాయింట్ టూ టూ తుపాకీయే. ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నియమాలు 2016 కింద లైసెన్స్ తప్పనిసరి. మీ ఏరియా ఏ పోలీస్ కమిషనరేట్ కిందికి వస్తే అక్కడ దరఖాస్తు చేయాలి, పోలీస్ విచారణ జరుగుతుంది. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారుకు రెండు ఆయుధాలే పరిమితి, లైసెన్స్ గడువు అయిదేళ్ళు. విదేశీ మ్యాచ్ పిస్టల్ దిగుమతికి జాతీయ రైఫిల్ సంఘం, అదే ఎన్ఆర్ఏఐ, సిఫారసు కావాలి. అది స్కోర్లు చూపించిన షూటర్లకు వస్తుంది, నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్ళకు కాదు. ధర కూడా లక్షల్లో మాటే.

అందుకని నా సలహా, ఇప్పుడే కొనకండి. మీకు దగ్గర్లోనే హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడైనా, ఇంకే క్లబ్‌లోనైనా క్లబ్ పిస్టల్‌తో, కోచ్ ముందు కొట్టే అవకాశం ఉందేమో అడగండి. ఆ లోపు ఎయిర్ పిస్టల్ మానొద్దు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్లు, 25 మీటర్లు రెండింటిలోనూ వ్యక్తిగత రజతం తెచ్చింది. ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకోవాల్సిన పని లేదు. తేడా మీకు మొదట ట్రిగ్గర్‌లో తెలుస్తుంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కడానికి కనీసం 500 గ్రాముల బరువు పడితే చాలు, 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1000 గ్రాములు పట్టాలి. పోటీకి ముందు పిస్టల్‌ను నిటారుగా పట్టి, ట్రిగ్గర్‌కు తూకపు రాయి తగిలించి పైకెత్తుతారు. రాయి లేవకుండా ట్రిగ్గర్ జారిందంటే ఆ పిస్టల్‌తో దిగనివ్వరు. కాబట్టి "కొంచెం తేలిక చేసి ఇస్తా" అనే మెకానిక్ దగ్గర జాగ్రత్త.

కొనే రోజు వచ్చాక సెకండ్ హ్యాండ్ పిస్టల్‌లో నేనైతే మొదట ఛాంబర్ అంచు చూస్తాను. డమ్మీ తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతూ పోతే కొన్ని పిస్టళ్ళలో ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద కొట్టి చిన్న గుంట చేస్తుంది. అలాంటిది కనిపిస్తే వదిలేయండి. తర్వాత కాగితాలు, ఏ లైసెన్స్ మీద ఉంది, మీ పేరు మీదికి మారుతుందా అని. తర్వాత మీ క్లబ్ తూటాతోనే కొట్టి చూడాలి. గ్రిప్ (పిడి) ఆఖర్న. అది చెక్కది, సరిచేసుకోవచ్చు. నాది పాత ఓనర్ చేతికి చెక్కిన గ్రిప్. అరచేతికి పౌడర్ రాసుకుని పట్టుకుంటే ఎక్కడ ఒత్తుతోందో అక్కడ తెల్లగా అంటుతుంది. అంటిన చోట గరుకు కాగితంతో రుద్దాను, ఖాళీ ఉన్న చోట వుడ్ పుట్టీ పెట్టాను. చూడ్డానికి మచ్చల పిల్లిలా ఉంది గానీ కళ్ళు మూసుకుని పట్టుకున్నా సైట్లు సూటిగా వచ్చి కూర్చుంటాయి.

ఇంటి రక్షణ మాటకొస్తే, వద్దు. స్పోర్ట్ కోసమని తీసుకున్న లైసెన్స్ స్పోర్ట్‌కే. దిండు కింద పెట్టుకుంటామంటే ఏ అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఇంట్లో పిస్టల్ ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. అలా పెట్టినది అర్ధరాత్రి మీ చేతికి రాదు. పిల్లలున్న ఇల్లయితే అసలు ఆ ఆలోచనే తీసేయండి. తలుపుకు మంచి గొళ్ళెం, గేటుకు కెమెరా పెట్టించుకోండి.

మీది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా రాయలేదు. ఎడమచేతి వాటమైతే ముందే చెప్పండి. సెకండ్ హ్యాండ్‌లో ఎడమ గ్రిప్‌తో దొరకడం కష్టం, గ్రిప్ విడిగా తెప్పించుకోవాల్సి వస్తుంది, బడ్జెట్‌లో దానికీ కొంత పక్కన పెట్టుకోవాలి.